గిటారు యాంప్లిఫయర్లలో హమ్, రొద

స్విచ్ వేయగానే, ఇంకా తీగ మీటకముందే, గిటారు యాంప్లిఫయర్ స్పీకర్లోంచి ఎడతెగకుండా వచ్చే ‘గుంయ్’ శబ్దాన్ని హమ్ అంటారు. దానికి తోడు బుసలు, చిటపటలు, కీచురవాలు, ఒక్కోసారి పిలవని పేరంటంగా రేడియో కబుర్లు కూడా వినిపిస్తాయి. వాయించేవాళ్లు వీటన్నిటినీ ‘నాయిస్’ అని ఒకే గాట కట్టేస్తారు. బాగుచేసేవాళ్లకు మాత్రం ఇవి వేర్వేరు జబ్బులు. రొద ఏ స్థాయిలో ఉంది, ఏ గుండీ తిప్పితే పెరుగుతోంది, ఏది ముట్టుకుంటే తగ్గుతోంది, ఏది పీకితే ఆగుతోంది అన్న నాలుగు సంగతులు తెలిస్తే చాలాసార్లు పెట్టె విప్పకుండానే జబ్బు పట్టుబడుతుంది.

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతంలో ఈ సమస్య ఇళ్లలో కంటే పందిళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. తెలుగూ తమిళమూ రెండూ ఇంటిమాటలే అయిన కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి. ఆడికృత్తికకు కావళ్లు ఎత్తుకుని తిరుత్తణి కొండకు వచ్చే జనం ఒకవైపు, ఊరూరా జాతరలు, పెళ్లిళ్లు మరోవైపు. పాటకచ్చేరి పెట్టించారంటే లీడ్ గిటారు, బేస్ గిటారు, కీబోర్డులు, రిథమ్ ప్యాడ్ వేదికెక్కుతాయి. కరెంటు పక్క స్తంభం నుంచో జనరేటర్ నుంచో వస్తుంది. అదే తీగకు సీరియల్ లైట్లు, ఫోకస్ లైట్లు, నీళ్ల మోటారు కూడా వేలాడుతుంటాయి. గిటారు యాంపుకు ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు.

హమ్ ఏ శ్రుతిలో ఉంది?

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. తిరువళ్లూరు జిల్లాలోనే, అత్తిపట్టు దగ్గరున్న ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతాయి. దాన్ని 60తో భాగిస్తే వచ్చేదే ఆ 50 హెర్ట్జ్. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసిపోయింది కాబట్టి శ్రీనగర్‌లో యాంపు ఏ శ్రుతిలో గుంయ్‌మంటుందో తిరుత్తణిలోనూ అదే శ్రుతి. గ్రిడ్ నియమావళి ప్రకారం ఈ అంకె 49.90కి, 50.05కి మధ్యనే ఉండాలి. నిజానికి చాలా పందిళ్లలో గిటారు కంటే హమ్మే కచ్చితమైన శ్రుతిలో ఉంటుంది.

గిటారులో అన్నిటికంటే లావుగా ఉండే ‘ఈ’ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే ‘జి’ స్వరం 98 హెర్ట్జ్. కరెంటు హమ్ 50 గానో, దానికి పై స్థాయి అయిన 100 గానో వినిపిస్తుంది. కర్ణాటక కచేరీ లెక్కలో చెప్పాలంటే ఐదు శ్రుతికీ ఐదున్నరకూ నడుమ, కాస్త ఐదు వైపు. ట్యూనింగ్ సరిగ్గా ఉన్న గిటారులో మూడో ఫ్రెట్ నొక్కి మీటి, యాంపు రొదతో కలిపి వినాలి. 98కీ 100కీ తేడా రెండు గనుక శబ్దం సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. ఆ ఊగు వినిపిస్తే రొద కరెంటుదే అని నమ్మవచ్చు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్ బి-ఫ్లాట్‌కూ ‘బి’కీ మధ్య పడుతుంది. అక్కడివాళ్లు చెప్పే చిట్కాలలోని అంకెలు ఇక్కడికి మార్చుకోక తప్పదు.

50కీ 100కీ తేడా పట్టుకోవడం ముఖ్యం. యాంపులోని రెక్టిఫయర్ కరెంటు అలలో కింది సగాన్ని కూడా పైకి తిప్పుతుంది. అందుకే దాని తర్వాత మిగిలే అల సెకనుకు 100 సార్లు వస్తుంది. ఆ అలను చదును చేసేది ఫిల్టర్ కెపాసిటర్, పాత మెకానిక్కుల మాటలో కండెన్సర్. 100 హెర్ట్జ్ రొద బలంగా ఉంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. 50 హెర్ట్జ్ ఎక్కువగా ఉంటే వాల్వుల హీటరు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం, ఎర్తు లూపు వంటివి వరుసలో నిలుస్తాయి. రెక్టిఫయర్ బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోయినా 100 కాస్తా 50కి దిగుతుంది. చెవికి తేడా అందకపోతే ఫోన్‌లో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ తెరిచి స్పీకర్ ముందు పెడితే ఏ అంకె దగ్గర గీత లేచిందో కనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల స్పీకర్లు 50 హెర్ట్జ్‌ను సరిగా పలకవు. చిన్న యాంపులో చెవికి అందేది చాలావరకు దాని పై స్థాయిలే.

విప్పకముందు

గిటారు కేబులు యాంపు నుంచి పీకేసి, యాంపు వాల్యూమ్ సున్నాకు తిప్పాలి. జాకులో ఏమీ లేనప్పుడు చాలా యాంపుల్లో ఇన్‌పుట్ తనంతట తానే గ్రౌండుకు కలిసిపోతుంది. అప్పుడూ రొద తగ్గలేదంటే జబ్బు పవర్ సప్లయిలోనో చివరి దశలోనో ఉంది. వాల్యూమ్ పెంచితేనే రొద పెరుగుతోందంటే ఆ గుండీకి ముందున్న ప్రీయాంపు దశది. గిటారు తగిలిస్తేనే వస్తోందంటే యాంపును వదిలి గిటారును, కేబులును చూడాలి. గిటారు మీది వాల్యూమ్ సున్నా చేసినప్పుడు రొద ఆగిపోతే అది పికప్ పట్టుకున్నది. ఆగకపోతే కేబులులో గ్రౌండు జాలీ తెగి ఉంటుంది, లేదా జాకులో అతుకు ఊడి ఉంటుంది. గిటారు వైపు కొస గాలిలో వేలాడుతున్న కేబులు ‘బ్‌ర్‌ర్’ మనడం మాత్రం జబ్బు కాదు. దాన్ని చూసి యాంపు విప్పినవాళ్లు చాలామందే ఉన్నారు.

తీగలను చేత్తో ముట్టుకున్నప్పుడు రొద తగ్గడం మరో సూచన. మనిషి ఒళ్లు చుట్టూ ఉన్న వైర్ల విద్యుత్ క్షేత్రాన్ని ఏరియల్‌లా పట్టుకుని పికప్ దగ్గరికి చేరుస్తుంది. గిటారు బ్రిడ్జి ద్వారా తీగలు గ్రౌండుకు కలిసి ఉంటాయి గనుక చేయి తగలగానే ఒళ్లు కూడా గ్రౌండవుతుంది. అంటే గిటారు గ్రౌండు బాగానే ఉంది, లోపలి గుంటలకు కవచం చాలలేదు. రాగి రేకు అతికించి గ్రౌండుకు కలిపితే సరిపోతుంది. ముట్టుకున్నా తేడా లేక, జాకు అంచు తాకితేనే తగ్గిందంటే బ్రిడ్జి కింది గ్రౌండు తీగ తెగిందని అర్థం. ముట్టుకుంటే పెరిగిందంటే జాకు దగ్గర రెండు తీగలూ తారుమారయ్యాయి. ఈ రెండో పొరపాటు చేతితో అతుకులు వేసుకున్న గిటార్లలో మామూలే.

పికప్ సంగతి

మాగ్నెటిక్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన కాయిల్. ఉక్కు తీగ కదలికను అది ఎంత బాగా పడుతుందో పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రాన్నీ అంతే బాగా పడుతుంది. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ దీనికి విరుగుడుగా రెండు కాయిళ్లను పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్టునూ అయస్కాంత ధ్రువాన్నీ రెండోదానికి ఎదురుగా తిప్పాడు. బయటి నుంచి వచ్చిన హమ్ రెండు కాయిళ్లలో ఎదురెదురై కొట్టుకుపోతుంది. తీగ శబ్దం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. 1955లో దరఖాస్తు పెడితే 1959లో పేటెంటు వచ్చింది. హంబకర్ అన్న పేరు అలా స్థిరపడింది. మూడు సింగిల్ కాయిళ్ల గిటార్లలో మధ్య కాయిల్‌ను ఎదురు చుట్టుతో పెడతారు. అలాంటి గిటారులో ఐదు మెట్ల స్విచ్ రెండో మెట్టులోనూ నాలుగో మెట్టులోనూ హమ్ పోతుంది, మిగతా మూడింటిలో ఉంటుంది. ఇది చెడిపోవడం కాదు, దాని స్వభావమే.

తెలుగువాళ్లకు ఈ రకం పికప్‌ను దగ్గర చేసిన వాద్యం గిటారు ఒక్కటే కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మామూలు మాండలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరి చేసి, మద్రాసు సభల్లో బాలమేధావిగా పేరు తెచ్చుకున్నాడు. కర్ణాటక సంగీతంలో హమ్ చేసే హాని సినిమా పాటలో కంటే ఎక్కువ. డ్రమ్ములూ కీబోర్డులూ మోగే చోట కాస్త రొద కలిసిపోతుంది. తంబూరా శ్రుతి ఒక్కటే నిలిచి ఉండే ఆలాపనలో, దానికి పొసగని ఇంకో శ్రుతి అడుగున గుంయ్‌మంటూ ఉంటే రాగం నిలవదు. ఇప్పుడు వీణలకూ పికప్‌లు తగిలిస్తున్నారు కాబట్టి ఈ బాధ వైణికులకూ చేరింది.

పికప్ పట్టే హమ్‌కు దూరమే మందు. చెన్నై–అరక్కోణం పట్టాల మీది 25,000 వోల్టుల తీగ కూడా 50 హెర్ట్జ్‌దే. అయితే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. రెండు రెట్లు దూరం జరిగితే ఎనిమిదో వంతుకు దిగుతుంది. కాబట్టి కంటికి కనిపించే రైలు తీగ కంటే మంచం కింది ఫ్రిజ్ స్టెబిలైజర్‌నూ, వీపు ఆనించి కూర్చున్న యాంపునూ ముందు అనుమానించాలి. గిటారు పట్టుకుని కూర్చున్న చోటే మెల్లగా ఒక చుట్టు తిరిగితే ఏదో ఒక దిక్కున రొద దాదాపు మాయమవుతుంది. ఆ దిక్కుకే తిరిగి వాయించడం స్టూడియోల్లో పాత అలవాటు. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, లైట్ల డిమ్మర్, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు మాత్రం గుంయ్‌మనవు, జివ్వున గీకుతాయి. అవి కరెంటు అలను మధ్యలో కోసేస్తాయి కాబట్టి రొద పై స్థాయిల దాకా పాకుతుంది. ఒక్కో స్విచ్ ఆపుతూ వస్తే దొంగ దొరుకుతాడు.

పెట్టె లోపల

ఇక్కడి నుంచి పని మెకానిక్కుది. వాల్వు యాంపుల్లో 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కండెన్సర్లు ఆ చార్జిని పట్టుకుని ఉండగలవు. రెసిస్టర్ ద్వారా దాన్ని దించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి. ట్రాన్సిస్టర్ యాంపుల్లో వోల్టేజి తక్కువే గానీ మెయిన్స్ వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైపు 230 వోల్టులు ఎక్కడికీ పోవు.

హమ్‌కు లోపలి కారణాల్లో మొదటిది ఎండిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్. దాని లోపలి ద్రవం వేడికి మెల్లగా ఆవిరవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది మెకానిక్కులు, ఇంజనీర్లు ఇద్దరూ వాడే లెక్క. తిరుత్తణిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో, యాంపు పెట్టె లోపల ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. పై మూత ఉబ్బి ఉంటే కండెన్సర్ పోయినట్టే. ఉబ్బకుండా కూడా పోతుంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి స్విచ్ ఆపి, చార్జి దించి, మంచి కండెన్సర్ ఒకటి పక్కన పోలారిటీ చూసి అంటించి మళ్లీ వేస్తారు. గుంయ్ తగ్గిందా, పాతది మార్చాల్సిందే. కొత్తది అంతే మైక్రోఫారడ్లది, అంతకు తగ్గని వోల్టేజిది, 105 డిగ్రీల రకంది తెచ్చుకోవాలి. తిరుత్తణి నుంచి చెన్నైకి లోకల్ రైలుంది. సెంట్రల్‌లో దిగి మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్తే ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి.

వాల్వు యాంపు అయితే ఇంకొన్ని చూడాలి. వాల్వు హీటర్లకు 6.3 వోల్టుల ఏసీ నడుస్తుంది. ఆ రెండు తీగలనూ జడలా మెలిపెట్టి, సిగ్నల్ తీగలకు దూరంగా, మూలగా నడిపించకపోతే 50 హెర్ట్జ్ సిగ్నల్‌లోకి దూరుతుంది. హీటరు వైండింగుకు మధ్య ట్యాప్ లేకపోతే రెండు 100 ఓముల రెసిస్టర్లతో మధ్య బిందువు తయారుచేసి గ్రౌండు చేస్తారు. వాల్వును పెన్సిల్‌తో మెల్లగా తట్టినప్పుడు స్పీకర్లో ‘టంగ్’ మని మోగితే ఆ వాల్వు లోపలి భాగాలు వదులై, ఊగుతున్నాయన్న మాట. గట్టిగా వాయించినప్పుడు కీచుమనే అరుపు దాన్నుంచే వస్తుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు వాల్వులంటే దిగుమతే, ధరా అలాగే ఉంటుంది. అందుకే ఊహ మీద అన్ని వాల్వులూ ఒకేసారి మార్చేయడం డబ్బు దండగ.

ఫ్యూజు పోయి వచ్చిన యాంపును నేరుగా మెయిన్స్‌కు పెట్టరు. ఏ రిపేరు షాపులోనైనా బల్ల మీద ఒక సీరీస్ బోర్డు ఉంటుంది. 60 లేక 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ద్వారా మాత్రమే కరెంటు యాంపుకు వెళ్తుంది. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే లోపల బాగానే ఉంది. నిండుగా వెలిగి అలాగే నిలిచిపోతే లోపల షార్టు ఉంది, బల్బే ఆ భారం మోసి యాంపును కాపాడింది. మన మెకానిక్కుల పనిముట్లలో ఇంత చవకైనదీ ఇంత తెలివైనదీ మరొకటి లేదు.

బుస సంగతి వేరు. 1926–28 మధ్య బెల్ లాబొరేటరీస్‌లో జాన్సన్, నైక్విస్ట్ తేల్చిన ప్రకారం వేడి ఉన్న ప్రతి రెసిస్టర్‌లోనూ ఎలక్ట్రాన్ల కదలిక వల్ల కొంత బుస తప్పదు. గెయిన్ పెంచినకొద్దీ అదీ పెరుగుతుంది. పాత కార్బన్ రెసిస్టర్ల చోట మెటల్ ఫిల్మ్‌వి వేస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. గుండీ తిప్పినప్పుడు చరచరలాడితే దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. యాంపు కదిలిస్తే చిటపటలాడితే పగిలిన అతుకు. ఫోన్ మోగబోయే ముందు వచ్చే ‘టిడిక్ టిడిక్’ పాత 2జీ ఫోన్‌ది, సెకనుకు 217 సార్లు. ఫోన్ జేబులోంచి తీసి దూరం పెడితే చాలు. పెడళ్లన్నిటికీ ఒకే చవక అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు ఇస్తే దాని రొద అన్నిటిలోకీ పాకుతుంది. ఒక 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూస్తే తేలిపోతుంది. నాయిస్ గేట్ పెడల్ వాయించనప్పుడు రొదను మూసేస్తుంది, వాయించినప్పుడు తలుపు తీసి లోపలికి రానిస్తుంది. జబ్బు తెలుసుకోకుండా గేట్ కొనడం తొందరపాటు.

ఎర్తు

పందిట్లో హమ్‌కు అన్నిటికంటే ఎక్కువగా దొరికే కారణం ఎర్తు లూపు. గిటారు యాంపు వేదిక పక్క సాకెట్‌లో ఉంటుంది, మిక్సరు జనం మధ్యలో ఇంకో సాకెట్‌లో. రెండిటి ఎర్తూ రెండు దారుల్లో నేలకు చేరుతుంది. వాటిని కలుపుతూ సిగ్నల్ కేబులు జాలీ ఉంటుంది. రెండు ఎర్తుల మధ్య వోల్టులో చిన్న వంతు తేడా ఉన్నా ఆ జాలీ వెంబడి కరెంటు పారి హమ్ అవుతుంది. మొదటి వైద్యం సులువు. యాంపు, మిక్సరు, కీబోర్డులు, పెడళ్లు అన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపాలి. లైట్లను వేరే ఫేజుకు పంపాలి. అప్పటికీ ఆగకపోతే యాంపుకూ మిక్సరుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి. అది సిగ్నల్ జాలీని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు.

వేదికల మీద చేసేది తరచూ దీనికి తలకిందులు. ప్లగ్గు పై పిన్ను విరిచేస్తారు, పచ్చ తీగ కోసేస్తారు, ప్లగ్గే లేకుండా రెండు తీగ కొసలను అగ్గిపుల్లలతో సాకెట్‌లో దూరుస్తారు. రొద నిజంగానే ఆగుతుంది, లూపు తెగిపోయింది కాబట్టి. ఇప్పుడు యాంపులో ఒక తీగ ఇన్సులేషన్ ఊడి చాసిస్‌కు, అంటే లోపలి లోహపు చట్రానికి, తగిలితే 230 వోల్టులు గిటారు తీగల దాకా వస్తాయి. గిటారిస్టు చేయి తీగల మీద, పెదవి ఎర్తు అయిన మైకు మీద. 1972 మే 3న స్కాట్లండ్ గిటారిస్టు లెస్ హార్వే వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీద ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే గిటారు వాయిస్తూ విద్యుదాఘాతంతో పోయాడు. కొన్ని పాత అమెరికన్ యాంపుల్లో గ్రౌండ్ స్విచ్ వెనక మెయిన్స్ నుంచి చాసిస్‌కు కలిపిన చిన్న కండెన్సర్ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డెత్ క్యాప్ అంటారు. అలాంటి యాంపు చేతికి వస్తే దాన్ని తీసేసి, మూడు పిన్నుల తీగ వేయడమే మొదటి పని.

మన నేలలో ఎర్తు ఎండాకాలంలో బలహీనపడుతుంది. ఇనుప గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పాతిన గుంతలో తేమ ఆరిపోతే నిరోధం పెరుగుతుంది. మేలో జాతర ఉంటే ముందురోజు ఆ గొట్టంలో రెండు బిందెల నీళ్లు పోయడం పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతి, అది సరైనదే. అయితే దాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు. నిరోధం 50 ఓములు ఉన్న ఎర్తులోకి 230 వోల్టులు లీకైతే పారేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి చలించదు, కరెంటు చాసిస్ మీద అలాగే ఉంటుంది. లీకును పసిగట్టి కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే తక్షణం తెగుతుంది. వేదికకు కరెంటు ఇచ్చే బోర్డు మీద అది ఉందో లేదో గిటారు సంచి విప్పకముందే చూడాలి. లేకపోతే పెట్టించమని ఉత్సవ కమిటీని అడగాలి. పెట్టేదాకా గిటారు తగిలించకూడదు.